ఇతరములు

ఇందల్వాయి టోల్‌గేటు దాటి బస్సు ఆర్మూర్ వైపు సాగుతుంటే, ఫిబ్రవరిలో కిటికీ తెరిచిపెట్టుకున్నవాడికి ఊరి బోర్డులు చదవాల్సిన పని ఉండదు. ఉడికిన పసుపు వాసన ముందే వస్తుంది. మట్టీ పొగా కలిసి, ముక్కులో కొంచెం ఘాటు మిగిల్చే వాసన. జాక్రాన్‌పల్లి దాటాక పొలాల పక్కన బాయిలర్లు, వాటి చుట్టూ ఆవిరి, చదును జాగా ఎక్కడ దొరికితే అక్కడ ఎండబోసిన కొమ్ములు. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన సర్వీసు రోడ్డును కూడా కొందరు కల్లం చేసేసుకున్నారు. లారీలవాళ్ళు హారన్ కొట్టకుండా పక్కకు తప్పుకుని పోతున్నారు. ఈ మర్యాద హైదరాబాద్‌లో అంబులెన్సుకు కూడా దక్కదు.

పక్క సీట్లో మా అక్క బిడ్డ. పదమూడేళ్ళది. రెండేళ్ళుగా వుషు నేర్చుకుంటోంది. ఆర్మూర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ఓపెన్ కరాటే, కుంగ్‌ఫూ పోటీలు పెడుతున్నారని తెలిసి, పదిమంది ముందు చేసిన అలవాటవుతుంది, వెళ్ళి రమ్మని వాళ్ళ కోచ్ పంపాడు. తోడుగా వెళ్ళమని అక్క నన్ను పంపింది. నాకు కావలసింది పసుపు సీజన్ చూడడం. ఇద్దరి పనీ ఒకటేనని సాయంత్రానికి గానీ తేలలేదు.

ఫంక్షన్ హాల్లో ముందు రోజు పెళ్ళి జరిగినట్టుంది, వేదిక మీద పూల చట్రం అలాగే ఉంది. దాని ముందు పొడుగు బల్ల నిండా ట్రోఫీలు, పక్కన సర్టిఫికెట్ల కట్ట, శాలువాల సంచి. ఇంటర్‌లాక్ రబ్బరు మ్యాట్లు పరిచి నాలుగు బరులు చేశారు. తెల్ల యూనిఫాంలు కరాటేవి, నల్లవి కుంగ్‌ఫూవి. మా పిల్లది ఎర్ర పట్టు డ్రెస్సు. ఎంట్రీ బల్ల దగ్గర కూర్చున్న మాస్టర్ తలెత్తి ఆ డ్రెస్సుకేసి చూశాడు.

“ఏమేమున్నయి బిడ్డా? కటానా, ఫైటా, వెపన్సా?”

“చాంగ్‌చువాన్ సార్.”

“గదేంది?”

“వుషు సార్. తావోలు.”

ఆయన ఫారం తిప్పి చూశాడు. కటా, కుమితే, వెపన్స్, ట్రెడిషనల్ ఫారమ్స్, ఆఖర్న ఇతరములు. కాసేపు పెన్ను గాల్లో ఆడించి “చైనాదే గదా, ట్రెడిషనల్ల రాస్త” అన్నాడు. మా పిల్ల నా వైపు చూసి గుసగుసగా, “మామా, మాది ట్రెడిషనల్ కాదు, మోడ్రన్” అంది. వెనక క్యూలో ఇంకా ముప్ఫై మంది ఉన్నారు. ఆ మాస్టర్‌ను తప్పుపట్టలేం. ఈ ముడి విప్పడానికి చైనా వాళ్ళకే వంద ఏళ్ళు చాలలేదు.

చైనా యుద్ధవిద్యలను రెండు గాటలకు కట్టే అలవాటు పాతదే. 1669లో హువాంగ్ జోంగ్‌షి అనే పండితుడు వాంగ్ జెంగ్‌నాన్ అనే యోధుడికి సమాధి శాసనం రాస్తూ అంతర్ముఖ విద్య, బహిర్ముఖ విద్య అని గీత గీశాడు. షావోలిన్ మఠం వాళ్ళది బయటి బలమట, ఊడాంగ్ కొండల వాళ్ళది లోపలి బలమట. శాసనంలో రాసిన మాట 1928లో ఆఫీసు గదుల దాకా వచ్చింది. ఆ ఏడాది నాన్‌జింగ్‌లో ప్రభుత్వమే కేంద్ర జాతీయ యుద్ధకళల సంస్థను తెరిచి, దాన్ని షావోలిన్ విభాగం, ఊడాంగ్ విభాగం అని చీల్చింది. తైజీ, షింగ్‌యీ, బాగువా ఊడాంగ్ కిందికి. మిగతా సమస్తమూ షావోలిన్ కిందికి. ఏం జరగాలో అదే జరిగింది. షావోలిన్ పెద్ద వాంగ్ జిపింగ్, ఊడాంగ్ పెద్ద గావ్ జెన్‌డాంగ్ ఇద్దరూ బరిలోకి దిగేదాకా వెళ్ళింది పంతం. విభాగాలు ఎత్తేశారు. అదే ఏడు అక్టోబరులో జరిగిన జాతీయ పరీక్షలో దెబ్బలు మితిమీరి ఆఖరి పోటీలు ఆపేయాల్సి వచ్చింది.

మా పిల్ల చెప్పిన ‘మోడ్రన్’ కథ అక్కణ్ణుంచి ముప్ఫై ఏళ్ళ తర్వాతది. కమ్యూనిస్టు ప్రభుత్వం 1956లో తైజీని కుదించి, ఎవరైనా పార్కులో చేసుకోగలిగేలా 24 భంగిమల వరుస తయారుచేయించింది. 1958లో చైనా వుషు సంఘం ఏర్పడింది, మరుసటి ఏడు పోటీ నియమాలు వచ్చాయి. చా, హువా, పావ్, హోంగ్, షావోలిన్ వంటి ఉత్తరాది శైలుల్లోంచి ఏరి కూర్చి చాంగ్‌చువాన్ అనే ఒక ప్రమాణ శైలిని నిలబెట్టారు. గ్వాంగ్‌డాంగ్, ఫుజియాన్ తీరాల దక్షిణాది పట్లను కూర్చినది నాన్‌చువాన్. మూడోది తైజీ. ఇప్పటి ప్రపంచ పోటీల్లో ఖాళీ చేతుల ప్రధానాంశాలు ఈ మూడే. ఆయుధాల్లో ఉత్తరాది వంపు కత్తి, నిటారు కత్తి, కర్ర, బల్లెం. దక్షిణాది కత్తి, కర్ర. ఆ పైన తైజీ కత్తి. ఇద్దరు ముగ్గురు కలిసి ముందే కుదుర్చుకున్న పోరాటం చేసి చూపేది మరొకటి. అంటే మా పిల్ల నేర్చుకున్న ‘చైనా ట్రెడిషన్’ మా నాన్నకంటే చిన్నది.

ఇందులో నాకు విచిత్రంగా తోచేది తర్వాతి అంకం. మూడింటిని నిలబెట్టుకున్న పాతికేళ్ళకు, మిగిలినవి ఏమయ్యాయని ప్రభుత్వానికే బెంగ పట్టింది. 1983 నుంచి 1986 దాకా పల్లెపల్లెకూ మనుషుల్ని పంపి ముసలి గురువులను వెతికించి, రాయించి, లెక్క తీస్తే, పుట్టుపూర్వోత్తరాలు తెలిసి, తనకంటూ ఓ పద్ధతి ఉన్న శైలులు 129 అని తేలింది. నూట ఇరవై తొమ్మిదిలో బరికెక్కినవి మూడు.

ఆ మిగిలిన వాటికి తర్వాత వేరే పందిరి వేశారు. 2004లో జెంగ్‌జౌ నగరంలో ప్రపంచ సంప్రదాయ వుషు పోటీలు మొదలయ్యాయి. అక్కడ వర్గాలు చూస్తే తల తిరుగుతుంది. తైజీలోనే చెన్, యాంగ్, ఊ, సున్ వంటి ఇంటిపేర్ల వారీగా గదులు. దక్షిణ శైలుల్లో వింగ్‌చున్, హుంగ్‌గార్, ఐదుగురు పూర్వీకుల పిడికిలి. చైనా నియమాల్లో మరో నాలుగు తరగతులున్నాయి: షింగ్‌యీ, బాగువా, బాజీ ఒకచోట, తోంగ్‌బెయ్, పిగువా, ఫాన్‌జీ ఇంకొకచోట, నేల మీద దొర్లే శైలులు, కోతినీ గద్దనూ గొల్లభామనూ అనుకరించే శైలులు మూడోచోట, చా, హువా, పావ్, హోంగ్, షావోలిన్ నాలుగోచోట. ఈ నాలుగోచోట ఉన్నవే చాంగ్‌చువాన్‌కు ముడిసరుకు. తల్లులు సంప్రదాయం గదిలో, కూతురు ఆధునికం గదిలో. ఇక్కడా ఎందులోనూ పట్టని శైలులకు ‘ఇతర’ వరుస ఉంది. బ్రూస్‌లీ మొదట నేర్చుకున్న వింగ్‌చున్‌కు ఓ గది దొరికింది గానీ, ఆ తర్వాత ఆయన సొంతంగా కట్టుకున్న జీత్ కునే డో ఏ గదిలోకీ రాదు. గదులే వద్దన్నవాడాయన, బాధపడి ఉండడు.

మా పిల్ల వంతు వచ్చింది. వుషు చాప 14 మీటర్ల పొడుగు, 8 మీటర్ల వెడల్పు ఉండాలి. ఇక్కడి మ్యాట్లు అందులో సగం. పరుగు తీసి ఎగరాల్సిన చోట పరుగు కుదించింది, గాల్లో గుండ్రంగా తిరిగి దిగేటప్పుడు ఒక మ్యాటు జారి పాదం కదిలింది. అంతర్జాతీయ లెక్కలో ఆ కదలికకు 0.1 పోతుంది. చెయ్యి ఆనితే 0.2. పడితే 0.3. అక్కడ పదిలో ఐదు మార్కులు కదలికల నాణ్యతకు, మూడు మొత్తం ప్రదర్శనకు, రెండు కష్టసాధ్యమైన ఎగుళ్ళకు. 2005 నియమాల నుంచి ఆ రెండు మార్కుల కోసమే ఆట అంతా గాల్లోకి లేచింది. 360 డిగ్రీలు తిరిగితే ఇంత, 540కి ఇంత, 720కి ఇంత అని ఒక్కో ఎగురుకూ ధర రాసి ఉంటుంది. అదేమీ చెడ్డపని కాదు. న్యాయనిర్ణేత కంటికి నచ్చిందా లేదా అన్న గొడవ తగ్గాలంటే కొలవగలిగింది ఏదో ఒకటి ఉండాలి. కాకపోతే కొలిచేది పెరిగి, కొలవలేనిది తగ్గుతుంది. ఆ గుద్దు నిజంగా ఎవరికైనా తగులుతుందా అన్న ప్రశ్నకు ఆ పదిలో చోటు లేదు.

ఇక్కడి జడ్జీలకు ఆ పట్టిక తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. వాళ్ళు చూసేది కరాటే కన్నుతో: నిలుపు గట్టిగా ఉందా, కేక బిగ్గరగా ఉందా. మా పిల్లది కేక లేని విద్య. పులి శైలి చేసిన నిజామాబాద్ పిల్లవాడికి మొదటి బహుమతి, మా పిల్లకు రెండోది వచ్చింది. పిల్లవాడు నిజంగానే బాగా చేశాడు. గోళ్ళు విప్పిన చేతులతో వాడు తిరిగి చూసినప్పుడు ముందు వరుసలో చంటిపిల్ల ఏడ్చింది. మా పిల్ల ఆ ఏడుపును కూడా పట్టించుకోలేదు, “మామా, ఫ్లోర్ జారింది” అన్న ఒక్క మాట ఊరు దాటేదాకా చెబుతూనే ఉంది.

మధ్యాహ్నం అంకాపూర్ వెళ్ళాం. ఆర్మూర్‌కు ఆనుకునే ఉంటుంది. విత్తనాల వ్యాపారంతో, పచ్చి మక్కకంకులతో బాగుపడ్డ ఊరు. బయటివాళ్ళకు మాత్రం దేశీకోడి కూరతోనే తెలుసు. ఫోన్ చేసి చెబితే కోడిని కోసి, వండి, అన్నంతో సహా కట్టి ఇస్తారు. ఆ కారం గురించి రాయడం మొదలుపెడితే వుషు వెనకపడుతుంది కాబట్టి వదిలేస్తున్నాను.

తిన్నది అరగడానికి ఊరి బయట ఒక కల్లం దగ్గర ఆగాం. ఆడవాళ్ళు నలుగురు వరుసగా కూర్చుని ఎండిన పసుపు ఏరుతున్నారు. పక్కన పాలిష్ పట్టే డ్రమ్ము కడకడమంటోంది. రైతు మమ్మల్ని మొదట వ్యాపారులనుకున్నాడు, కాదని తెలిశాక మరింత మర్యాదగా మాట్లాడాడు.

“గీ పొడుగుటియి కాడి. గా గుండ్రటియి గోళ. ఇరిగినయి, పొట్టు, దుమ్ము అంత చూర. నిజామాబాద్ యార్డుకు మూడు తీర్లుగనే పోతది సార్.”

“రకం ఏది?”

“రకమా? మాది పాత ఆర్మూర్ రకమే. తొమ్మిది నెలలు భూమిల ఉంటది. గిప్పుడు చానమంది వేరే సీడ్ పెడుతున్నరు.”

ఒక కాడి తీసి విరిచాడు, టక్కుమంది. అలా మోగితే ఎండినట్టు. లోపలి రంగు చూపించాడు. వ్యాపారి చూసేది ఆ మోత, ఆ రంగు, ఆ పొడుగు. వ్యవసాయ పుస్తకాల్లో పసుపును వేరేగా విడదీస్తారు: స్వల్పకాలికం కస్తూరి రకాలు, మధ్యకాలికం కేసరి, దీర్ఘకాలికంలో దుగ్గిరాల, టేకూరుపేట, మైదుకూరు, ఆర్మూర్. రైతుకు నీళ్ళు, కూలీ, నెలలు ముఖ్యం కాబట్టి కాలాన్ని బట్టి ఆ విభజన. మందుల కంపెనీలకు ఇవేవీ అక్కర్లేదు, కర్క్యుమిన్ శాతం ఎంతో చెప్పమంటాయి. ఒకే దుంప నేలలో ఒక వర్గం, యార్డులో ఒక వర్గం, ల్యాబులో ఒక వర్గం. ఎవరు కొంటున్నారో వాళ్ళ గళ్ళలోనే అది కూర్చోవాలి.

మా పిల్ల ఏరే ఆవిడ పక్కన కూర్చుని చూర కుప్పలో పొడుగు ముక్క ఒకటి పట్టి “ఇది కాడి కాదా అమ్మా?” అనడిగింది. ఆవిడ “కొస ఇరిగింది బిడ్డా. ఇరిగితె ఎంత మంచిదైన చూరే” అంది. రబ్బరు మ్యాటు మీద జారిన పాదం దానికి గుర్తొచ్చిందేమో, ఆ ముక్కను చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది.

ఈ నేలకు ‘ఇతరులు’ అన్న వరుస కొత్తేమీ కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీ చేస్తే అందులో 178 మంది రైతులు. పసుపు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలి అని నామినేషన్లు వేశారు. ఫలితాల పట్టికలో పార్టీల పేర్ల కింద వాళ్ళంతా ఒక్క గీతలో ఒదిగిపోయారు. బోర్డు మాత్రం వచ్చింది: 2023 అక్టోబరులో ప్రకటన, 2025 సంక్రాంతికి ప్రారంభం, కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లోనే. గిట్టుబాటు ధర సంగతి ఆ రైతును అడిగితే నవ్వి డ్రమ్ము చప్పుడు ఎక్కువగా ఉందన్నాడు.

సాయంత్రం సిద్ధులగుట్ట ఎక్కాం. ఆర్మూర్ నడినెత్తిన నల్లటి బండలు ఒకదాని మీద ఒకటి, పడతాయా అన్నట్టు నిలబడి ఉంటాయి. నవనాథ సిద్ధేశ్వరుడి గుడికి బండల మధ్య సందుల్లోంచి వంగి వెళ్ళాలి. లోపల ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. పైన చదును జాగాలో పొద్దున్న పోటీలో చూసిన నల్ల యూనిఫాం పిల్లలే ఉన్నారు, వాళ్ళ మాస్టర్‌తో. ఎంట్రీ బల్ల దగ్గర పెన్ను ఆడించినాయనే. ఇక్కడ తొందరలేదు, తీరిగ్గా మాట్లాడాడు.

ఆయన చెప్పిన దాన్నిబట్టి పిల్లల తల్లిదండ్రులు ముందు అడిగేది బెల్టు ఏ రంగుదని. నిజానికి రంగు బెల్టు చైనాది కాదు, జపాన్ జూడో నుంచి కరాటేకు, అక్కణ్ణుంచి మన కుంగ్‌ఫూ క్లాసులకు వచ్చింది. చైనా తన శ్రేణులు పెట్టుకున్నది 1998లో. తొమ్మిది మెట్లు: మొదటి మూడు డేగ, తర్వాతి మూడు పులి, పై మూడు డ్రాగన్. ఆ మాట చెబితే పిల్లలు “సార్, మేం పులి” అని అరిచారు. బెల్టు తర్వాత అడిగేది, ఈ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటా వస్తుందా అని. ఫంక్షన్ హాలు కాగితానికీ గుర్తింపు ఉన్న సంఘం కాగితానికీ తేడా చెప్పేసరికి తన తల ప్రాణం తోకకొస్తుందన్నాడు. నిజాయితీగా చెప్పేవాళ్ళు తక్కువ, ఈయన చెప్పాడు.

“మరి ఫైట్స్ వైపు పంపరాదా?” అన్నాను. ముందే కుదుర్చుకున్న వరుసలు చేసి చూపే తావోలు వుషులో ఒక సగం, రెండో సగం సాండా, నిజమైన పోరు. 80 సెంటీమీటర్ల ఎత్తు వేదిక, రెండేసి నిమిషాల మూడు రౌండ్లు, కాళ్ళు, చేతులు, పట్టి పడేయడం. అక్కడ వర్గీకరణకు తిప్పలు లేవు, త్రాసు ఎక్కితే చాలు. మగవాళ్ళలో 48 కిలోల నుంచి 90 పైదాకా పదకొండు బరువులు. ఆసియా క్రీడల్లో భారత్‌కు వుషులో ఇప్పటిదాకా వచ్చిన పతకాలన్నీ సాండావే. 2006 దోహాలో బిమోల్‌జిత్ సింగ్ కంచుతో మొదలై, 2023లో హాంగ్‌జౌలో మణిపూర్ అమ్మాయి రోషిబినా దేవి వెండి దాకా. 2017లో పూజా కడియాన్ తెచ్చిన ప్రపంచ స్వర్ణం కూడా అందులోదే. ఎగుళ్ళకు ఆరేడేళ్ళ వయసు నుంచి మంచి చాప, మంచి జిమ్ము కావాలి. పోరుకు ధైర్యమున్న పిల్లలు, ఓ కోచ్ ఉంటే మొదలుపెట్టొచ్చు. పతకాలు ఆ వైపే రావడంలో వింత లేదు.

“త్రాసు గూడ అంత సులువు గాదు సార్,” అన్నాడు మాస్టర్. “మా నిజామాబాద్ బిడ్డనే చూడుండ్రి.” నిఖత్ జరీన్ సంగతి. 2022లో 52 కిలోల్లో ప్రపంచ విజేత. ఒలింపిక్స్‌లో ఆ బరువు లేదు కాబట్టి 50కి దిగి, 2023లో మళ్ళీ ప్రపంచ విజేత. 2024 పారిస్‌లో చైనా అమ్మాయి ఊ యూ చేతిలో ఓటమి. రెండు కిలోలు దించుకోవడం కాగితం మీద ఒక గడి మారడమే.

బరువులూ గదులూ ఏమీ లేని పోటీ కూడా ఈ జిల్లాలోనే ఉంది. బోధన్ అవతల హున్సాలో హోలీ నాడు పిడిగుద్దులాట. నడుమ తాడు కట్టి, అటొక వర్గం ఇటొక వర్గం నిలబడి గుద్దుకుంటారు. ఆగమన్నప్పుడు ఆగి కౌగిలించుకుని, కామదహనం బూడిద దెబ్బల మీద రాసుకుంటారు. పోలీసులు వద్దన్న ఏళ్ళున్నాయి, ఆట ఆగలేదు. గెలిచినవాడి పేరు ఎక్కడా రాయరు. దాన్ని క్రీడ అనడానికి నాకు మనసొప్పదు, అయినా నాన్‌జింగ్ పరీక్ష కంటే మెరుగ్గా నడుస్తున్నట్టుంది.

మాటల్లో ఉండగా గుడి మెట్ల మీద కూర్చున్న పెద్దాయన లేచి వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో తన ఎత్తు వెదురు కర్ర. చిన్నప్పుడు తాలీంలో కర్రసాము నేర్చాడట. పిల్లలు జరిగి చోటిచ్చారు. కర్ర మొదట నెమ్మదిగా, తర్వాత కనిపించకుండా తిరిగింది. ఎగుళ్ళు లేవు, కేకలు లేవు, పాదాలు నేల వదల్లేదు. మా పిల్ల నోరు తెరిచి చూసింది. వుషులో అది ఎలాగూ కర్ర నేర్చుకోవాలి, చాంగ్‌చువాన్ వాళ్ళకు పొడుగు ఆయుధం ఒకటి తప్పదు.

“సార్, తాత పోటీ చేస్తే మీ ఫారంలో ఏ వరుస?” అని మాస్టర్‌ను అడిగింది.

ఆయన బుర్ర గోక్కున్నాడు. “ఇతరములల్ల రాస్త బిడ్డా. లేకుంటె వెపన్స్‌ల, నాన్‌చాకోళ్ళతోని కలిపి. వయసుదే తిప్పలు. మా తాన ముప్ఫై అయిదు దాటితె కాలమే లేదు.”

చైనాలో సంప్రదాయ పోటీలకు అరవై దాటినవాళ్ళకు కూడా వేరే వర్గం ఉందని పెద్దాయనకు చెప్పాను. నమ్మలేదు.

“అరవై దాటినోళ్ళకా? మల్ల ఎదురుంగ ఎవడుంటడు?”

“ఎవరూ ఉండరు. ఒక్కరే చేసి చూపించాలి. జడ్జీలు కూర్చుని చూస్తారు.”

“ఎదురుంగ మనిషే లేకుంటె కర్ర ఎందుకు తిప్పుడు?”

నేను జవాబు వెతుక్కునే లోపే మా పిల్ల అందుకుంది: “మార్కుల కోసం తాతా.”

ఆయన పెద్దగా నవ్వి కర్ర దాని చేతిలో పెట్టాడు. “అట్లయితె ముందు పట్టుడు నేర్చుకో. గట్ల గాదు, కింది చెయ్యి జర కిందికి.”